ఊడ్చిన పెసలు

మనిషి నిప్పు కనిపెట్టి ఎన్ని వేల ఏళ్ళయిందో నాకు తెలియదు. నేను చదివింది ఆరో తరగతి. కానీ నా మేనకోడలు సింధు డిగ్రీ పూర్తి చేసి, పోలీసు ఉద్యోగానికి తయారవుతూ, ఆ నిప్పుతో పనే లేదని తేల్చేసింది.

హసన్‌పర్తి పోయే రోడ్డులో, కాలేజీల వెనక సందులో దాని గది. ఇద్దరు ఆడపిల్లలు, రెండు చాపలు, ఒక బకెట్టు, గోడ నిండా మేకులు. నేను బస్తాలు మోసే మార్కెట్లో లోడు తొందరగా దిగిపోయిన ఒకరోజు, మా చెల్లెలు కళావతి పంపిన తొక్కు సీసా ఇచ్చి వద్దామని మధ్యాహ్నం పూట వెళ్ళాను. సింధు చాప మీద కూర్చుని క్యారెట్ కొరుకుతోంది. ముందున్న స్టీలు గిన్నెలో మొలకెత్తిన పెసలు, నానిన పల్లీలు, సగం కోసిన కీర. గదిలో ఎక్కడా అన్నం మెతుకు లేదు.

“అన్నం ఏది బిడ్డా?”

“గిదే అన్నం మామా.”

“గిదా? మా సేటు ఇంటి బర్రె గూడ గింతకంటె మంచిగ తింటది.”

“నవ్వకు మామా. పచ్చి తిండి. వండితే సత్తువంత పోతదట. నెలరోజుల సంది పొయ్యి మీదిది ముట్టలే. ఒళ్ళు ఎంత తేలికైందో తెల్సా? ఎనిమిదొందల మీటర్లు ఐదు నిమిషాల ఇరవై సెకండ్లల ఉరికితే పాస్. నేను నాలుగు యాభైల ఉరుకుతాన.”

పక్క చాప మీద చదువుకుంటున్న హారిక తల ఎత్తింది. దాని తండ్రి బడి పంతులు. “మీరు గూడ తినుండ్రి మామా, పొట్ట తగ్గుతది,” అంది.

“గది పొట్ట గాదు బిడ్డా, బస్తా ఎత్తేటప్పుడు ఆపు,” అన్నాను. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకు వస్తుంది? ఆ ఇంటి ఓనరు ప్రేమలతమ్మ గదిలో స్టవ్ పెట్టనివ్వదు. గోడలు మసిబారతాయట. కరెంటు పొయ్యి పెడితే మీటరు గిర్రున తిరుగుతుందట. రెండు పూటలా మెస్సులో తింటే, మరిపెడ రోడ్డు పక్క మిర్చి బజ్జీల బండి మీద మా చెల్లెలు సంపాదించి పంపేది నెల సగానికే అయిపోతుంది. తల్లి రోజంతా నూనె ముందు నిలబడి వేయిస్తుంటే, కూతురు పచ్చివి నములుతోంది. ఇది ఆరోగ్యం కాదు, లేమి. పిల్లలకు ఫోనులో దానికో మంచి పేరు దొరికింది, అంతే. పేరు దొరికేసరికి ఏడవాల్సిన విషయం కాస్తా గొప్పలు చెప్పుకునే విషయమైంది.

తిట్టాను. వినలేదు. పెసల ధర పెరిగిందని, మొలకలు పూటకు గుప్పెడే తింటున్నానని మాటల మధ్యలో అంది. అది నా చెవిలో ఉండిపోయింది.

నేను ముప్పై అయిదేళ్ళుగా హమాలీని. పదమూడో ఏట వీపు మీద బస్తా ఎక్కింది, ఇంకా దిగలేదు. ఇప్పుడు ఎక్కువగా పాండురంగం సేటు గోదాములో దించుతాను. బస్తాకు కొక్కెం వేసి లాగినప్పుడు గోనె చినుగుతుంది, గింజలు రాలతాయి. రాలిన గింజ రైతుది కాదు, సేటుదీ కాదు. ఊడ్చుకున్న హమాలీది. రోజుకొకరి వంతు. ఇది కాగితం మీద లేదు, కానీ ఏ సేటూ కాదనడు. మా ఇంట్లో పప్పు కొన్న జ్ఞాపకం నాకు లేదు. ఊడ్చిన పెసలు తెస్తే నా భార్య చాటలో చెరిగి, రాళ్ళు ఏరి, మూడు నీళ్ళు కడిగి, ఎండబెట్టి, వేయించి, అప్పుడు ఉడకబెడుతుంది. హమాలీల ఇళ్ళన్నిటిలో అంతే. ఉడకబెట్టి తినండి అని ఎవరూ ఎవరికీ చెప్పింది లేదు. ఉడకబెట్టకుండా తినే మనిషిని మేం ఎప్పుడూ చూడలేదు కాబట్టి.

నా వంతు వచ్చిన రోజు పెసల లోడు దిగింది. మంచి నిగనిగలాడే గింజ. ఐదు కిలోల దాకా పోగైంది. గోదాములోనే చాటతో చెరిగి, రాళ్ళు ఏరి, కొత్త సంచిలో పోసి సింధు గదికి పట్టుకుపోయాను. కడగలేదు.

సింధు సంచిలో చెయ్యి పెట్టి గింజలు పైకెత్తి చూసింది. “ఎక్కడియి మామా గివి?”

హారిక చూస్తోంది. దాని పక్కన ఇంగ్లీషు పుస్తకం. గుమ్మంలో ప్రేమలతమ్మ, ఎవరొచ్చారో చూడాలని. గోదాము నేల మీద చీపురుతో ఊడ్చినవి అనే మాట నా నోట్లోంచి రాలేదు.

“గీ హసన్‌పర్తి అవతల నాకొక రైతు దోస్తున్నడు. గాయినె ఇచ్చిండు. మందు గూడ కొట్టని చేను,” అన్నాను.

“నిజంగనా?”

“నీకు అబద్ధం చెప్తానే?”

అది సంతోషంగా సంచిని గోడకు ఆనించింది. ప్రేమలతమ్మ కూడా, “నాకు గూడ రెండు కిలోలు చెప్పయ్యా,” అంది. ఇంటికి వెళ్తూ దారంతా నేను నిజంగానే చేను దగ్గర కొన్నవాడిలా నడిచాను.

ఐదో రోజు హారిక ఫోను చేసింది. అది మూడు రోజులు ఊరికి వెళ్ళి, అప్పుడే తిరిగి వచ్చిందట. వచ్చేసరికి సింధు బాత్రూం దగ్గర పడి ఉంది. వాంతులు, విరేచనాలు, కాలిపోయే జ్వరం. ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాం. రెండు చేతులకూ సూదులు గుచ్చి సెలైన్ ఎక్కించారు. పరుగు పందేల గొప్పలు చెప్పిన పిల్ల మంచం దిగి నాలుగడుగులు వెయ్యలేక నా భుజం మీద వేలాడింది.

చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి, ఏం తిన్నావని అడిగింది. సింధు వరసగా చెప్పింది. మొలకలు అనగానే ఆమె రాయడం ఆపింది.

“గింజలు ఎక్కడివి? మొలకెత్తాలంటే తడి కావాలి, వెచ్చదనం కావాలి. క్రిములు పెరగడానికీ అవే కావాలమ్మా. ఎలుకలు తిరిగిన చోట ఉన్న గింజలైతే, వండకుండా తింటే ఇట్లనే అవుతుంది.”

“కాదు డాక్టర్, అవి మంచియే. మా మామ రైతు దగ్గర నుంచి తెచ్చిండు,” అంది సింధు. గొంతు కూడా సరిగా పెగలడం లేదు, అయినా నా తరఫున మాట్లాడింది.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను సెలైన్ సీసా వైపు చూశాను. పాండురంగం సేటు గోదాములో పిల్లిపిల్లలంత ఎలుకలు ఉంటాయి. బస్తా జరిపితే నా పాదాల మీద నుంచి పరుగెత్తిపోతాయి. అవి ఆ నేల మీద ఏం చేస్తాయో నాకు తెలుసు.

“అయితే క్యారెట్లయి ఉంటాయి. ఏ నీళ్ళలో కడిగారో,” అని ఆమె రాసుకుని వెళ్ళిపోయింది.

నోరు తెరవడానికి అదొక్కటే సమయం. తెరవలేదు.

సాయంత్రానికి కళావతి మరిపెడ నుంచి వచ్చింది. బిడ్డను చూసి ఏడ్చి, ముక్కు చీది, నన్ను వరండాలోకి లాగింది.

“గా ఉరికిచ్చే సారు ఎవడో గాయినెనే గీ పచ్చి తిండి నేర్పిచ్చిండట అన్నా. వాన్ని ఇడువద్దు. మొగదిక్కు లేని పోరి అనుకున్నడా? నువ్వు పో. పోయి అడుగు.”

“పోత,” అన్నాను.

పోయాను కూడా. తెల్లవారి ఆరు గంటలకు గ్రౌండులో నలభై మంది పిల్లలు ఉరుకుతున్నారు. భానుచందర్ అనే ఆ సారు మెడలో విజిల్ వేసుకుని గట్టు మీద నిలబడ్డాడు. సన్నటి మనిషి, నా కంటే పదేళ్ళు చిన్న. నేరుగా వెళ్ళి కాలర్ పట్టుకున్నాను.

“పోరగాండ్లను మేకలను జేసినవ్ గదరా! మా పోరి సావు దాకా పోయింది!”

“ఎవరన్నా నువ్వు? ఏ పోరి?”

“సింధు. నీ పచ్చి తిండి తిని దవాఖానల పడ్డది.”

అతను నా చెయ్యి తీయలేదు. “పొద్దుగాల ఉరికినంక గుప్పెడు మొలకలు తినుండ్రి అని చెప్పిన. అన్నం బంద్ పెట్టుమని చెప్పలే. నేనే రెండు పూటల అన్నం తింట. గదంత ఫోన్లల చూసి వాళ్ళే మొదలుపెట్టిండ్రు.”

“అబద్ధాలు చెప్పకు!”

“సరే, నేనే చెప్పిన అనుకో. మిగతోళ్ళు గూడ మొలకలు తింటాండ్రు, వాళ్ళకేం కాలే గదన్నా? ఆ పిల్ల తిన్న గింజలు ఎసుంటియో చూసిండ్రా?”

నా చెయ్యి వదులైంది. ఒక్క క్షణమే. ఆ వెంటనే మరింత గట్టిగా అరిచాను. తల్లిని, తండ్రిని, అతని విజిల్‌నీ తిట్టాను. పిల్లలు పరుగు ఆపి చుట్టూ మూగారు. నీ ట్రైనింగ్ బంద్ పెట్టిస్తానన్నాను. అతను తల దించుకుని విన్నాడు, ఎందుకంటే జబ్బు పడ్డ పిల్ల మేనమామతో ఎవడు గొడవ పడతాడు? తప్పు నాదని తెలిసి ఇంకొకడి కాలర్ పట్టుకోవడానికి ఎంత బలం వస్తుందో ఆ రోజు చూశాను. బస్తా ఎత్తడానికి కూడా అంత బలం ఎప్పుడూ రాలేదు.

దవాఖానలో చేరిన ఆరో రోజు సింధును పంపించేశారు. ఉరికే పరీక్ష ఇంకా ఎనిమిది రోజులుంది. మరిపెడ వచ్చి నాలుగు రోజులు తిని పడుకోమని తల్లి బతిమాలింది. అది వినలేదు. ఇక్కడైతే రోజూ గ్రౌండులో కొంచెం కొంచెం నడవొచ్చని గదికే పోయింది. కళావతి బండి మూసి ఎన్ని రోజులు కూర్చుంటుంది, ఆమె వెళ్ళిపోయింది. నేనేమో మార్కెట్లో లోడు ఎక్కువుందని ఆ రెండు రోజులూ ఎవరికీ మొహం చూపించలేదు.

మూడో రోజు, టీ తాగుతుంటే సింధు ఫోను చేసింది. గొంతులో మళ్ళీ కొంచెం ప్రాణం వచ్చింది.

“మామా, క్యారెట్లు, కీరలు అన్ని బంద్ జేసిన. డాక్టరమ్మ గవే అన్నది గదా. నువ్విచ్చిన పెసర్లే తింట ఇగ. అవొక్కటే నమ్మకమైనయి. పొద్దుగాల నానబోసిన.”

గ్లాసు బండ మీద పెట్టి, మా హమాలీల మేస్త్రీకి కూడా చెప్పకుండా ఆటో ఎక్కాను.

గేటు దగ్గరే ప్రేమలతమ్మ అడ్డం వచ్చింది. “ఏందయ్యా, ఆడివిల్లల రూముకు ఎప్పుడంటె అప్పుడు వస్తానవ్?”

“మేనమామను. దొంగను గాను.”

“నేను దొంగ అన్ననా?”

గదిలో హారిక ఒక్కతే ఉంది. సింధు గ్రౌండుకు పోయిందట. “పెసర్ల సంచి ఇయ్యి బిడ్డా. పురుగు పట్టిందట, రైతుతోని మార్పిస్త,” అన్నాను.

“పురుగేం పట్టలే మామా. నేను చూసిన.”

“నీకు తెల్వది, ఇయ్యి!”

గద్దించేసరికి ఆ పిల్ల జంకి మూల నుంచి సంచి తెచ్చింది. సగానికి పైగా ఉంది. అప్పుడు కిటికీ చువ్వకు కట్టిన తడి గుడ్డ మూట కనిపించింది. గుడ్డ సందుల్లోంచి తెల్లటి మొలకలు తోకల్లా బయటికి పొడుచుకు వచ్చాయి. అంటే నిన్ననో మొన్ననో కూడా నానబోసింది. మూట తెంపి, బయటికి నడిచి, గేటు ముందున్న మోరీ కాలువలో విదిలించాను. పొద్దున నానబోసిన గిన్నె, సంచి కూడా తెచ్చి బోర్లించాను.

“మామా! ఏం జేస్తానవ్?”

సింధు సందు మలుపులో నిలబడి ఉంది. బుగ్గలు లోపలికి పోయి, ట్రాక్ ప్యాంటు నడుము దగ్గర పిన్నీసు పెట్టి ఉంది.

“గిది తిన్నవా? గీ మూటలయి తిన్నవా?”

“లేదు, ఇయ్యాల్ల రాత్రికని పెట్టిన. ఎందుకు మోరీల పోసినవ్? పిచ్చి లేసిందా నీకు?”

“గవి రైతువి కావు. గోదాముల ఊడ్చినయి. ఎలుకలు తిరిగే నేల మీద నేనే చీపురువెట్టి ఊడ్చిన. చాలా? అర్థమైందా?”

ప్రేమలతమ్మ “ఛీ” అని కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. తనకు రెండు కిలోలు కావాలని అడిగిన సంగతి గుర్తొచ్చిందేమో. సింధు మోరీలోకి, నా వైపు మార్చి మార్చి చూసింది.

“మరి నాకెందుకు చెప్పలే?”

“నువ్వడిగినవా?”

“అడిగిన మామా. ఎక్కడియని అడిగిన.”

జవాబు లేనప్పుడు నాకు గొంతు లేస్తుంది. “ఇరవై ముప్పై ఏండ్ల సంది నా ఇల్లంత గవే తింటాంది! ఒక్కనికన్న కడుపు నొచ్చిందా? మనుషుల లెక్క ఉడకబెట్టుకొని తింటె ఏం గాదు. నువ్వు పచ్చియి నములుతె తప్పు నాదా?”

“సెలవులకు వచ్చినప్పుడు అత్త చాటల చెరుగుతాంటె పక్కన కూసున్నది నేనే గదా! మీ ఇంట్ల పప్పు ఎక్కడిదో నాకు తెల్వదా? గందుకే అడిగిన. ఊడ్చినయైతె పచ్చియి తినొద్దని నాకు తెలుసు మామా. నిజంగనా అని రెండోసారి గూడ అడిగిన. చెప్తె ఉడకబెట్టుకుందు.”

“ఏడ ఉడకబెడుదువు? ఏ పొయ్యి మీద? గీమె పెట్టనిస్తదా?”

“నడుమ నన్నెందుకు గుంజుతానవ్?” అంది ప్రేమలతమ్మ. “నా ఇల్లు, నా ఇష్టం. నేను చెప్పిన్నా ఎలుకలు తిన్నయి తెచ్చి పెట్టుమని?”

“నువ్వు పొయ్యి పెట్టనిస్తె గీ పిల్లలకు గీ గతి వచ్చేదా?”

“మామా, ఆపు!” సింధు అరిచింది. అరిచేసరికి ఆయాసం వచ్చి గేటు పట్టుకుంది. “ఆమెను ఎందుకంటానవ్? గా సార్‌ను గూడ గిట్లనే కొట్టబోయినవట గదా. గ్రౌండుల అందరు నన్ను చూసి నవ్వుతాండ్రు. అప్పటికే నీకు తెల్సు గదా? దవాఖానల డాక్టరమ్మ అన్నప్పుడే తెల్సు గదా?”

నేను ఖాళీ సంచి మడత పెట్టసాగాను.

“ఊడ్చినయంటె నాకేం నామోషి లేదు. నామోషి నీకు,” అంది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత ఐదు రోజులు నా ఫోను ఎత్తలేదు. మా ఇంటి నుంచి అన్నం డబ్బా పట్టుకుని రెండుసార్లు పోయాను. హారిక గేటు దాకా వచ్చి, “మెస్సుల తింటాంది మామా, వద్దన్నది,” అని చెప్పి లోపలికి పోయింది. డబ్బా తెచ్చి గోదాము దగ్గర నేనే తిన్నాను. మింగుడు పడక కాదు, కోపంతో తిన్నాను. చివరి గింజ దాకా.

పరీక్ష రోజు రమ్మని ఎవరూ పిలవలేదు. అయినా తెల్లవారక ముందే స్టేడియం గేటు ముందుకు పోయాను. లోపలికి పిల్లలను తప్ప ఎవరినీ పోనివ్వరు. బయట తల్లులు, తండ్రులు, అన్నలు. చేతుల్లో అరటిపళ్ళు, గ్లూకోజు పొట్లాలు. లోపల విజిల్ ఊదినప్పుడల్లా అందరం గోడ వైపు చూసేవాళ్ళం. గోడ మీద ఏం కనిపిస్తుంది?

తొమ్మిదిన్నరకు సింధు బయటికి వచ్చింది. దాని మొహం చూడగానే తెలిసింది. నన్ను చూసి ఆగింది, మళ్ళీ నడిచి ఫుట్‌పాత్ అంచున కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

“ఎంతల పోయింది?”

“ఆరు సెకండ్లు.”

నెలన్నర కిందట అరనిమిషం మిగిల్చి ఉరికిన పిల్ల. ఆరు సెకండ్లు. ఇది పోతే మళ్ళీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, ఎన్నేళ్ళకొస్తుందో ఎవడికి తెలుసు? ఎవరినైనా తిట్టాలని చుట్టూ చూశాను. గేటు దగ్గర కానిస్టేబుల్, పళ్ళ బండివాడు, ఎవరిదో తల్లి. తిట్టడానికి ఒక్కరూ దొరకలేదు.

దాని ఫోను మోగింది. కళావతి. మరిపెడలో పొద్దున్నుంచి ఫోను చేత్తో పట్టుకునే ఉండి ఉంటుంది.

“అమ్మా… పోయింది,” అంది సింధు. అవతల ఏడుపు నాకు కూడా వినిపించింది. “ఏడ్వకు. మంచిగనే ఉరికిన. రెండో రౌండుల పిక్క పట్టేసింది. లేకపోతే పాసైతుంటి… ఆఁ, మెస్సుల మంచిగనే తిన్న… జబ్బుతోని కాదమ్మా, పిక్క పట్టింది అంటాన గదా… సార్ తప్పేం లేదు, గాయినెను తిట్టకు…”

అది నా వైపు చూడటం లేదు. చూడకుండానే నన్ను దాస్తోంది. తల్లికి ఇంతవరకు చెప్పలేదన్నమాట. ఈ ఐదు రోజులూ చెప్పలేదు. పిక్క పట్టిందనే మాట ఎంత తేలిగ్గా వచ్చింది దాని నోట! రైతు దోస్తు అనే మాట నా నోట అంతే తేలిగ్గా వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను కాపాడమని ఎవరడిగారు? నేను పాడు చేసింది చాలక, అబద్ధం చెప్పడం కూడా నా దగ్గరే నేర్చుకోవాలా ఇది?

ఫోను లాక్కున్నాను.

“కళా, నేను. పిక్క పట్టలే, ఏం పట్టలే. నేను తెచ్చిన పెసర్లు తిని పడ్డది పోరి. రైతువి అని చెప్పిన, గోదాముల ఊడ్చినయి అవి. దవాఖానలనే నాకు తెల్సు. తెలిసే గా సార్ మీదికి పోయిన. గాయిన తప్పు లేదు. పోరి తప్పు లేదు.”

కట్ అయిందేమోనని ఫోను చూశాను. లేదు, నడుస్తోంది.

“అన్నా,” అంది చివరికి. “ఫోను బిడ్డకియ్యి.”

ఇచ్చాను. సింధు విని, ఊఁ, ఊఁ అని, పెట్టేసింది.

“ఎందుకు చెప్పినవ్? చెప్తె గా ఆరు సెకండ్లు తిరిగొస్తయా?”

“రావు.”

“మరి?”

“నువ్వు అబద్ధం చెప్పొద్దు. నా కోసం అసలే చెప్పొద్దు.”

“నాకు చెప్పకు మామా నువ్వు,” అంది. కళ్ళు తుడుచుకుని బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. ముడి బిగుసుకుని రావడం లేదు. వంగి విప్పబోయాను. కాలు వెనక్కి లాక్కుంది.

“అమ్మ బస్సెక్కి వస్తాంది. నువ్వు పో. ఆమె మస్తు కోపం మీదున్నది.”

“రానీ.”

“అందరి ముంగట తిడతది మామా.”

“తిట్టనీ.”

నేను పది అడుగుల దూరం జరిగి అదే ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. మార్కెట్ నుంచి మేస్త్రీ రెండుసార్లు ఫోను చేశాడు, ఎత్తలేదు. ఎండ మీదికి వచ్చింది. మరిపెడ నుంచి బస్సు రావాలంటే ఇంకా రెండు గంటలు పడుతుంది.